జీతం ఆగినా వాయిదాలు ఆగవు

ప్రశ్న: మేము హైదరాబాదు నిజాంపేటలో అద్దెకు ఉంటున్నాం. మావారు పన్నెండేళ్లుగా ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నారు. ఆయన చూసే ప్రాజెక్టు ఒక అమెరికా సంస్థది. రెండు నెలల కిందట ఆ సంస్థ పని సగానికి తగ్గించింది, మావారిని బెంచ్ మీద పెట్టారు, అంటే ఏ ప్రాజెక్టూ ఇవ్వకుండా కూర్చోబెట్టారు. జీతం మాత్రం వస్తోంది, చేతికి లక్షా పదివేలు. అద్దె 22 వేలు, కారు వాయిదా 14,500, పర్సనల్ లోను వాయిదా 9 వేలు, చీటీ 10 వేలు, పాప ఫీజు నెలకు లెక్కవేస్తే 12 వేలు, ఊళ్లో అత్తమామలకు 10 వేలు, పాలు, కూరలు, సరుకులు 15 వేలు, కరెంటు, ఫోన్లు, గ్యాసు, పెట్రోలు 7 వేలు, పనమ్మాయికి మూడున్నర వేలు. బ్యాంకులో 2 లక్షల 80 వేల డిపాజిట్ ఉంది. పర్సనల్ లోను ఇంకా 95 వేలు తీరాలి. బాచుపల్లిలో కడుతున్న 85 లక్షల ఫ్లాటుకు లక్ష టోకెన్ ఇచ్చాం. ఊళ్లో పొలం అమ్మి, మిగతాది బ్యాంకు లోను తీసుకోవాలని ఆలోచన. ఇప్పుడు బిల్డర్ పది శాతం కట్టమంటున్నాడు. టీవీ పెడితే మాంద్యం మాటే. మావారు పనమ్మాయిని మాన్పించమంటున్నారు, పాలు తగ్గించమంటున్నారు, ఫ్లాటు మాత్రం వదలొద్దంటున్నారు. తమ్ముడు ఈ ఏడాది బీటెక్ పూర్తిచేస్తాడు. మాదాపూర్‌లో టిఫిన్ సెంటర్ నడిపే మా మరిది గిరాకీ పడిపోయిందని లక్ష రూపాయలు చేబదులు అడుగుతున్నాడు. ఎక్కడో అమెరికాలో మాంద్యమంటే ఇంతమంది మీద ఎందుకు పడుతుంది? మేము ఏం తగ్గించుకోవాలి?
— ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు:

అమ్మా,

లెక్కలన్నీ విడివిడిగా రాశారు, అందువల్ల సూటిగా చెప్పగలుగుతున్నాను. పనమ్మాయిని ఉంచండి. పాలు తగ్గించకండి. ఫ్లాటు ఆపండి. మీవారు అన్నదానికి ఇది పూర్తిగా తలకిందులు. కారణాలు వింటే ఆయన కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం. కాబట్టి ఈ జవాబును ఇద్దరూ కలిసి చదవండి.

ముందు మీ మొదటి ప్రశ్న. ఒక దేశంలో ఉత్పత్తి, ఆదాయాలు, అమ్మకాలు కొన్ని నెలలపాటు పెరగకపోగా తగ్గుతూ పోతే దాన్ని మాంద్యం అంటారు. వరుసగా రెండు త్రైమాసికాలు జీడీపీ, అంటే దేశం మొత్తం ఉత్పత్తి విలువ, తగ్గితే మాంద్యమనేది వాడుకలో ఉన్న కొలత. అమెరికాలో మాత్రం ఆర్థికవేత్తల సంఘం ఒకటి ఉద్యోగాలు, ఆదాయాలు, అమ్మకాలు అన్నీ చూసి తేదీలు నిర్ణయిస్తుంది. 2008 సంగతి చూడండి. మాంద్యం 2007 డిసెంబరులోనే మొదలైందని ఆ సంఘం ప్రకటించింది 2008 డిసెంబరు 1న. అంటే జనం ఏడాదిపాటు మాంద్యంలో బతికాక దానికి అధికారికంగా పేరు పెట్టారు. అప్పటికి అక్కడి పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ కూలిపోయి రెండున్నర నెలలైంది. అందుకే టీవీలో ఎవరో ప్రకటించేదాకా ఎదురుచూడటం మీకు ఉపయోగపడదు. మీ ఇంటి వరకు సూచన ఇప్పటికే వచ్చింది, మీవారు బెంచ్ మీదున్నారు.

అమెరికా సంస్థ యజమానికి అమ్మకాలు తగ్గుతాయన్న అనుమానం రాగానే అతను ముందు ఆపేది కొత్త ఖర్చు. కొత్త సాఫ్ట్‌వేర్ పని వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. మన ఐటీ కంపెనీల ఎగుమతి ఆదాయంలో సగానికి పైగా ఉత్తర అమెరికా నుంచే వస్తుంది కనుక ఆ వాయిదా నేరుగా గచ్చిబౌలికి వచ్చి తగులుతుంది. ఇక్కడి కంపెనీ కూడా మనుషులను వెంటనే తీసేయదు. కొత్తవాళ్లను తీసుకోవడం ఆపుతుంది, వెళ్లిపోయినవారి స్థానాలు ఖాళీగా ఉంచుతుంది, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే కోస్తుంది, పెంపుదలను వెనక్కి జరుపుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి దాదాపు 64 వేలమంది ఉద్యోగులు తగ్గారు. అందులో పెద్ద భాగం బయటికి పంపడం వల్ల వచ్చింది కాదు, వెళ్లినవారి బదులు కొత్తవారిని తీసుకోకపోవడం వల్ల వచ్చింది. అది చాలనప్పుడే తీసివేతలు. 2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో రెండు శాతాన్ని, అంటే సుమారు 12 వేలమందిని తగ్గిస్తామని చెప్పింది. ఆ కోత ఎక్కువగా మధ్య, పై స్థాయి వారిమీద పడింది. పన్నెండేళ్ల అనుభవం అంటే సరిగ్గా ఆ మధ్యస్థాయి. భయపెట్టాలని ఇది చెప్పడం లేదు. మీవారి భయం ఊహ కాదని, దానికి ఆధారం ఉందని చెబుతున్నాను. ఆ భయం వల్ల ఆయన ఎంచుకుంటున్న కోతలే తప్పు.

మీ మరిదికి దెబ్బ ఇంకా ముందే తగిలింది. ఐటీ ఉద్యోగికి నోటీస్ పీరియడ్ ఉంటుంది, బెంచ్ ఉంటుంది. ఉద్యోగులు బయట తినడం తగ్గించిన రోజునే టిఫిన్ సెంటర్ గల్లాపెట్టె తేలికవుతుంది. క్యాబ్ డ్రైవర్లు, హాస్టళ్ల వాళ్లు, ఇస్త్రీ బండ్ల వాళ్లు, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లు, వీళ్లెవరికీ బెంచ్ లేదు. 2020లో కారణం వేరు గానీ తీరు ఇదే. ఇంజనీర్లు ఇళ్లనుంచి పనిచేస్తూ జీతాలు తీసుకుంటూనే ఉన్నారు, అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లు మాత్రం ఖాళీ అయ్యాయి. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో మన జీడీపీ 23.9 శాతం పడిపోయిందని తొలి అంచనా వేశారు. స్వాతంత్ర్యం వచ్చాక అంతకుముందు మన ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయిన సంవత్సరాలు, 1979-80 లాంటివి, వానలు లేక, పంటలు పోయి వచ్చినవి. 2020లో మొదటిసారి దెబ్బ నగరం వీధుల్లోంచి మొదలై పల్లెకు పాకింది.

మన దేశంలో మాంద్యాన్ని నిరుద్యోగ శాతంతో కొలిస్తే సగమే కనిపిస్తుంది. అమెరికాలో ఉద్యోగం పోయినవారికి కొన్ని వారాలు ప్రభుత్వ భృతి వస్తుంది. 2009 అక్టోబరులో అక్కడ నిరుద్యోగం పది శాతానికి చేరినప్పుడు ఆ పది శాతం మందిలో చాలామంది వేరే పని వెతుక్కుంటూ ఖాళీగా ఉండగలిగారు. మనదగ్గర ఖాళీగా ఉండటం కూడా కలిగినవాళ్లకే చెల్లుతుంది. మిగతావాళ్లు ఏదో ఒక పని పట్టుకుంటారు, తక్కువ కూలికైనా, తక్కువ రోజులకైనా. లెక్కలు ఆ సంగతే చెబుతున్నాయి. 2018-19లో పనిచేసేవారిలో 42.5 శాతం వ్యవసాయంలో ఉండగా 2020-21 నాటికి అది 46.5 శాతానికి పెరిగింది. ఎన్నో ఏళ్లుగా తగ్గుతూ వస్తున్న వాటా వెనక్కి మళ్లింది. పట్నంలో పని పోయినవారు సొంత ఊరికి వెళ్లి, ఇద్దరు చేసే పొలం పని నలుగురు చేసుకున్నారు. ఉపాధి హామీ పథకానికి బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లు చాలక ఇంకో 40 వేల కోట్లు చేర్చవలసి వచ్చింది.

ఖర్చుల సంగతీ ఇలాంటిదే. జనం ముందు వాయిదా వేసేది ఆగగలిగినదాన్ని. 2007లో అమెరికాలో కోటీ 61 లక్షల కార్లు, చిన్న ట్రక్కులు అమ్ముడయ్యాయి, 2009లో కోటీ 4 లక్షలే. పాత కారు ఇంకో రెండేళ్లు నడుస్తుంది కదా అనుకున్నారు. అక్కడ జనరల్ మోటార్స్ దివాలా తీస్తే ఇక్కడ విడిభాగాలు చేసే పనివాడికి ఓవర్‌టైమ్ ఆగింది. అక్కడ నగలు కొనేవారు తగ్గితే సూరత్‌లో వజ్రాలు సానపట్టే వర్క్‌షాపులు మూతపడ్డాయి. 2008 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడు నెలల్లోనే మనదేశంలో సుమారు 5 లక్షల ఉద్యోగాలు పోయాయని కేంద్ర లేబర్ బ్యూరో అంచనా వేసింది. ఆగగలిగినవి ఆపేశాక కోత బట్టలకు, బయట తిండికి వస్తుంది. ఆ తరువాత పిల్లల దగ్గరికి వస్తుంది. పళ్లు, గుడ్లు, పాలు తగ్గుతాయి, బడి మారుతుంది. గ్రామాల్లో ప్రభుత్వ బడుల్లో చేరిన పిల్లల వాటా 2018లో 64.3 శాతం ఉంటే 2021లో 70.3 శాతానికి పెరిగిందని పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే చెప్పింది. అందులో ఇష్టంగా మారినవారు కొందరుంటారు. ఫీజు కట్టలేక మార్చినవారు ఎంతో మంది.

లక్షా పదివేలు వస్తున్న ఇంట్లో పాపకు పాలు తగ్గించే మాట ఇప్పుడే రావడం నన్ను బాధపెట్టింది. అది చివరి మెట్టు. మీవారు మొదటి మెట్టు అనుకుంటున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మాంద్యంలో సంసారాలు చితికిపోయేది రోజువారీ ఖర్చుల వల్ల కాదు. ఆదాయం తగ్గినా తగ్గని బాకీల వల్ల. దీనికి మన తెలుగు నేల మీదే పెద్ద సాక్ష్యం ఉంది. 1929 తరువాత ప్రపంచమంతా వ్యాపించిన మహామాంద్యంలో కృష్ణా, గోదావరి జిల్లాల్లో పంట బాగానే పండింది. ధాన్యం ధర మాత్రం నాలుగేళ్లలో దాదాపు సగానికి దిగిపోయింది. శిస్తు మాత్రం మునుపటి రూపాయల్లోనే ఉంది. షావుకారు నోటు మీద వడ్డీ కూడా మునుపటి రూపాయల్లోనే. నిన్న పది బస్తాలు అమ్మి తీర్చే బాకీకి ఇవాళ ఇరవై బస్తాలు అమ్మాలి. రైతు తిండి తగ్గించుకున్నా ఆ లెక్క సరిపోదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని, అంటే తన డబ్బు విలువను బంగారంతో ముడిపెట్టే పద్ధతిని, వదిలేయడంతో బంగారానికి రూపాయల్లో ధర పెరిగింది, ఇళ్లలో ఉన్న నగలు బయటికి వచ్చాయి. దేశమంతా అలా అమ్ముకున్న బంగారం ఓడలెక్కి పోయింది. రైతు నాయకుడు ఎన్.జి. రంగా వంటివారు రైతుల తరఫున నిలిచి కొట్లాడారు. చివరికి 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణవిముక్తి చట్టం తెచ్చి పాత బాకీలను తగ్గించింది. తొమ్మిదేళ్లు పట్టింది, ఈలోగా ఎన్ని ఎకరాలు చేతులు మారి ఉంటాయో ఊహించండి.

మీ ఫ్లాటును ఆ కళ్లతో చూడండి. 85 లక్షల మీద ఎనభై శాతం లోను అంటే 68 లక్షలు. ఇరవై ఏళ్లకు, ఎనిమిది శాతం వడ్డీకి నెల వాయిదా సుమారు 57 వేలు. మిగతా 17 లక్షలు, కడుతున్న ఇంటిమీద జీఎస్టీ, రిజిస్ట్రేషన్ కలిపితే ఇంకో తొమ్మిది లక్షలకు పైనే, మీరు చేత్తో పెట్టాలి. ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె 22 వేలు ఆగదు, లోను విడుదలైన కొద్దీ దానిమీద వడ్డీ మొదలవుతుంది. ఇప్పుడు నెలకు 7 వేలు మిగులుతున్న ఇంట్లో ఇది జీతం నిక్కచ్చిగా వస్తున్నప్పుడే బరువు. జీతం ఆగితే తొంభై రోజుల బకాయితో బ్యాంకు మీ ఖాతాను మొండిబాకీగా రాస్తుంది. ఆపైన అరవై రోజుల నోటీసు ఇచ్చి ఆస్తి స్వాధీనానికి అడుగు వేయగలదు. అయిదు నెలలు. మధ్యస్థాయి ఉద్యోగికి చెడ్డ కాలంలో కొత్త ఉద్యోగం దొరకడానికి అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. పైగా ఊళ్లో పొలం కూడా అప్పటికే పోయి ఉంటుంది. వెనక్కి వెళ్లడానికి ఉన్న ఒక్క దారినీ అమ్మి ముందుకు దూకడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

రేపు ధర పెరుగుతుందేమో అంటారు మీవారు. పెరగవచ్చు. అయినా మీకు ఉద్యోగం స్థిరపడ్డాక అయిదు లక్షలు ఎక్కువ పెట్టి కొనడం భరించగలిగిన నష్టం. ఉద్యోగం లేకుండా 57 వేల వాయిదా అలాంటిది కాదు. నిజంగా మాంద్యం వస్తే ఫ్లాట్లు దొరక్క ఎవరూ తిరిగిరారు. 2008 తరువాత హైదరాబాదులో సగంలో ఆగిన భవనాలను మీవారూ చూసే ఉంటారు. టోకెన్ సంగతి: ఇళ్లు కొనేవారి రక్షణకు వచ్చిన రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ పది శాతానికి మించి తీసుకోకూడదు. ఆ పది శాతం అయినా ఇప్పుడు కట్టకండి. రసీదు వెనక రద్దు షరతులు చదివి, రద్దు చేస్తున్నామని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెలియజేయండి. లక్షలో కొంత కోసుకుంటే కోసుకోనివ్వండి. అది నష్టమే, ఎనిమిదిన్నర లక్షలు ఇరుక్కోవడం కంటే చిన్న నష్టం.

ఇప్పుడు మీ నెల ఖర్చు. మొత్తం కూడితే లక్షా 3 వేలు. 2 లక్షల 80 వేల డిపాజిట్‌తో మూడు నెలలు కూడా గడవవు. దీన్ని పెంచడానికి పాలప్యాకెట్ల మీదికి వెళ్లనక్కర్లేదు. కారు అమ్మేయండి. నాకు తెలుసు, ఇది వినడానికి కష్టంగా ఉంటుంది, చుట్టాలు అడుగుతారు. లోను ఇచ్చిన సంస్థ నుంచి ఎంత కడితే బాకీ తీరుతుందో చెప్పే కాగితం తెప్పించుకుని, కారుకు వచ్చే ధరతో పోల్చండి. ధర ఎక్కువుంటే ఆలోచించవద్దు. వాయిదా 14,500, పెట్రోలులో ఓ 3 వేలు మిగులుతాయి. నెల ఖర్చు 85,500కు దిగుతుంది, జీతం వస్తున్నన్నాళ్లు నెలకు 24,500 మిగులుతుంది. ఆరు నెలలు ఇలా గడిస్తే లక్షా 47 వేలు చేరి, చేతిలో నాలుగు లక్షల పాతికవేలు దాటుతుంది. అప్పుడు జీతం లేకుండా అయిదు నెలలు నిలబడతారు. అందరూ అమ్మకానికి పెట్టాక పాత కారుకు ధర పలకదు, అందుకే ఆలస్యం వద్దు.

పర్సనల్ లోను తీర్చేద్దామా అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. మామూలు రోజుల్లో తీర్చేయమనే చెబుతాను. ఇప్పుడు వద్దు. డిపాజిట్‌లోంచి 95 వేలు తీసి కడితే నెలకు 9 వేల వాయిదా పోతుంది, కానీ ఒక నెల ఇంటి ఖర్చంత డబ్బు చేతిలోంచి పోతుంది. ఉద్యోగం లేనివారికి బ్యాంకు మళ్లీ ఆ 95 వేలు ఇవ్వదు. లోను వడ్డీకి, డిపాజిట్ వడ్డీకి మధ్య తేడా ఏడాదికి కొన్ని వేలే, అది ధైర్యం కోసం కట్టే ప్రీమియం అనుకోండి. క్రెడిట్ కార్డు బాకీ ఏదైనా మిగిలి ఉంటే మాత్రం దాన్ని ఈ నెలలోనే తుడిచేయండి. నెలకు మూడు శాతం, మూడున్నర శాతం అంటే ఏడాదికి నలభై శాతం పైచిలుకు, ఏ సంసారమూ దాన్ని మోయలేదు.

చీటీ ఇంకా పాడలేదనుకుంటాను, మీరు రాయలేదు. పాడకపోతే అది మీ పొదుపే, కట్టుతూ ఉండండి. ఒక జాగ్రత్త చెబుతాను. చీటీ పాడాక డబ్బు చేతికి రావాలంటే కంపెనీవాళ్లు ష్యూరిటీలు అడుగుతారు, జీతం కాగితాలు అడుగుతారు. ఉద్యోగం ఉన్నప్పుడు ఇది ఒక పూట పని, పోయాక నెలల తరబడి తిరగాలి. ఎవరు ష్యూరిటీ పెడతారో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి, ఉద్యోగం మీద కచ్చితమైన సూచన కనబడితే ఆ నెలే పాడండి. పాడిన తరువాత కూడా నెలనెలా కట్టాలని మరిచిపోవద్దు. ఇంట్లో బంగారం ఉంటే అది ఇలాంటి అవసరానికే, తాకట్టు మూడు నాలుగు నెలల ఇబ్బందికి సరిపోతుంది. విడిపించే దారి తెలియకుండా పెడితే వేలంలో పోతుంది.

పనమ్మాయి విషయం. మూడున్నర వేలు మీ ఖర్చులో మూడు శాతం. ఆమెకు మీ ఇంటిలాంటివి నాలుగు ఇళ్లుంటే అది ఆమె సంపాదనలో నాలుగోవంతు. ఆమెకు నోటీసు లేదు, గ్రాట్యుటీ లేదు, పీఎఫ్ లేదు. మీవారికి బెంచ్ మీద కూడా జీతం ఇస్తున్నారు, అదే కంపెనీ మర్నాడు పొమ్మంటే మనం ఎంత బాధపడతామో ఆమె విషయంలో కూడా అంతే. 2020లో అపార్టుమెంట్ల గేట్ల దగ్గర ఈ ఆడవాళ్లను ఆపేసి, చాలా ఇళ్లు జీతాలు ఎగ్గొట్టాయి. ఆ రోజులు మళ్లీ రాకూడదని కోరుకునేవారిలో నేనొకణ్ణి. దయ ఒక్కటే ఇందులో లేదు. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం. అందరూ ఒకేసారి ముడుచుకుంటే అందరి ఆదాయాలూ తగ్గి, పొదుపు చేద్దామనుకున్నవారికే పొదుపు మిగలదని 1930ల్లోనే ఆర్థికవేత్త కీన్స్ వివరించాడు. మీ ఒక్క ఇల్లు దేశాన్ని నిలబెట్టదు, నిజమే. కానీ నిజాంపేటలో ప్రతి ఇల్లూ ముందు పనమ్మాయిని, తరువాత కూరల బండిని, ఆపైన టైలరును మానేస్తే, ఆ వీధిలో సరుకులు అమ్మేవాడికి అమ్మకం ఉండదు. ఒకవేళ నిజంగానే జీతం ఆగి, రెండు నెలలు దాటితే అప్పుడు ఆమెతో కూర్చుని మాట్లాడండి. పూటలు తగ్గించడమా, ఇంకో ఇల్లు చూసిపెట్టడమా అని. ఒక నెల ముందుగా చెప్పండి.

మీవారి ఉద్యోగం గురించి కొన్ని పనులు ఈ వారంలో చేయవలసినవి ఉన్నాయి. మీ కుటుంబానికి కంపెనీ ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే, అది సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. మొదటి ముప్పై రోజులు ప్రమాదాలకు తప్ప వర్తించదు, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, కనుక ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. పీఎఫ్ ఖాతాలో ఆధార్, బ్యాంకు వివరాలు, నామినీ పేరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోమనండి. ఉద్యోగం పోతే అందులో 75 శాతం తీసుకునే వీలుంది. కానీ అది చిట్టచివరి డబ్బు, దాని జోలికి వెళ్లకుండా గడిపేలా మిగతావి సర్దుకోవాలి.

ఒకరోజు హెచ్ఆర్ వాళ్లు గదిలోకి పిలిచి, రాజీనామా రాసిస్తే రికార్డు శుభ్రంగా ఉంటుందని చెప్పవచ్చు. ఆ గదిలో సంతకం పెట్టవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. ఇంటికి వెళ్లి ఆలోచించి చెబుతానని రావాలి. నోటీసు కాలానికి జీతం, మిగిలిన సెలవుల డబ్బు, పరిహారం, రిలీవింగ్ లెటర్ ఇవన్నీ రాతలో అడగాలి. గ్రాట్యుటీ ఎవరి దయ కాదు, రాజీనామా చేసినా, తీసేసినా, అయిదేళ్లు దాటినవారికి చట్టం ఇచ్చిన హక్కు. చివరి మూలవేతనాన్ని 26తో భాగించి 15తో గుణించి, పనిచేసిన ఏళ్లతో గుణించాలి. మూలవేతనం 50 వేలనుకుంటే పన్నెండేళ్లకు మూడు లక్షల 46 వేలు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. కారు లేని మీ కొత్త లెక్కలో ఇది నాలుగు నెలల ఖర్చు. ఇంత డబ్బు ఉందన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

బెంచ్ మీదున్న కాలాన్ని ఆయన ఇంట్లో అపరాధంలా మోస్తుంటే మీరు కల్పించుకోండి. వేరే ఉద్యోగం వెతకడానికి అనువైన సమయం ఇదే. ఉద్యోగంలో ఉన్నవారి దరఖాస్తును కంపెనీలు చూసే తీరు వేరు. అత్తమామలకు పంపే పదివేలు ఆపవద్దు, కానీ పరిస్థితి వాళ్లకు చెప్పండి. పెద్దవాళ్లు ఇలాంటి కాలాలు చూసినవాళ్లు.

తమ్ముడి విషయం కష్టమైనది. మందకొడి కాలంలో చదువు ముగించినవారికి నష్టం చాలాకాలం వెంటాడుతుంది. అమెరికాలో 1980ల తొలి మాంద్యం రోజుల్లో డిగ్రీలు పూర్తిచేసినవారిని ఆర్థికవేత్త లీసా కాన్ పరిశీలిస్తే, పదిహేనేళ్ల తరువాత కూడా జీతాల్లో వెనుకబాటు కనిపించింది. మనదగ్గర 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్న కొందరికి ఏడాది దాటినా పిలుపు రాలేదు. అతనికి రెండు మాటలు చెప్పండి. ఒకటి, పెద్ద కంపెనీ పేరు కోసం ఖాళీగా కూర్చోవద్దు, చిన్న కంపెనీలో తక్కువ జీతానికైనా చేరి పని నేర్చుకోవాలి. మార్కెట్టు తేరుకున్నాక కంపెనీ మారినవారే ఆ వెనుకబాటును పూడ్చుకోగలుగుతారు. రెండు, ఉద్యోగం దొరకలేదని నలభై లక్షల అప్పుచేసి అమెరికాలో ఎమ్మెస్‌కు బయల్దేరవద్దు. మాంద్యం భయం ఉన్న దేశానికే అప్పుతో వెళ్లడం అది. అక్కడ హెచ్1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే వేరేది చూసుకోవడానికి సాధారణంగా అరవై రోజులే గడువు. గేట్ పరీక్ష రాసి ఇక్కడ ఎంటెక్‌లో చేరితే నెలనెలా స్టైపెండ్ కూడా వస్తుంది, చదువు మీద నిజంగా ఆసక్తి ఉంటే అది మంచి దారి.

చివరగా మరిది అడిగిన లక్ష. ఇవ్వగలిగిన స్థితిలో మీరు లేరు, ఆ మాట మీవారిచేతే చెప్పించండి. తిరిగి రాకపోయినా పరవాలేదనుకోగలిగిన చిన్న మొత్తం ఏదైనా ఉంటే ఇవ్వండి. అతను చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోను తీసుకుంటానంటాడేమో, పూచీకత్తు లేకుండా దొరుకుతుంది. మిక్సీ, ఫ్రిజ్ లాంటి సామాను కోసం అయితే సరే. నష్టాన్ని పూడ్చడానికి, అద్దె బకాయి కట్టడానికి అయితే మాత్రం తీసుకోనివ్వకండి, పడిపోయిన గిరాకీ మీద కొత్త వాయిదా ఎక్కుతుంది. మాదాపూర్‌లో టిఫిన్ సెంటర్‌కు అన్నిటికన్నా పెద్ద భారం షాపు అద్దే అయి ఉంటుంది. ముందు అతను యజమాని దగ్గరికి వెళ్లి, ఆరు నెలలు అద్దె తగ్గించమని, లేదంటే అడ్వాన్సులోంచి కొంత సర్దుకోమని అడగాలి. చుట్టుపక్కల రెండు షట్టర్లకు టు-లెట్ బోర్డు వేలాడుతుంటే యజమాని కాదనడు. మీవారు బెంచ్ మీదున్నారు కదా, ఒక సాయంత్రం అతనితో కూర్చుని ఆర్నెల్ల లెక్కలు చూడమనండి. ఏ వంటకం మిగులుస్తోంది, ఏది పారపోస్తున్నారు, మధ్యాహ్నం పూట షట్టరు మూస్తే ఎంత మిగులుతుంది అని. లక్ష రూపాయలకన్నా అతనికి అవసరమైన సాయం అదే కావచ్చు.